చెన్నపట్నపు నల్లపట్టణం: పందొమ్మిదో శతాబ్ది గృహవాస్తువు

చెన్నపట్నపు పందొమ్మిదో శతాబ్ది వాస్తువును గూర్చిన చర్చ తరచుగా 1892లో పూర్తయిన హైకోర్టు వంటి ఇండో-సారసెనిక్ కట్టడాల చుట్టూనే తిరుగుతుంది. ఆ భవనానికి ఉత్తరాన ఉన్న నివాసవీధులకు అందులో చోటు తక్కువ. తెలుగువారి నగరజీవన చరిత్రకు ఆ వీధులలోని ఇళ్లే ముఖ్యాధారాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1746లో ఫ్రెంచివారు సెయింట్ జార్జి కోటను పట్టుకొన్న తరువాత, కోటను ఆనుకొని ఉన్న పాత నల్లపట్టణం కూల్చివేతకు గురైంది. ఫిరంగుల ఎదుట ఖాళీ నేల ఉండాలన్నది దానికి సైనిక కారణం. జనావాసం ముత్యాలపేట, పెద్దనాయకునిపేటలలో విస్తరించింది. 1906లో ఈ ప్రాంతానికే జార్జిటౌన్ అని పేరు పెట్టారు. కొత్వాలు చావడి వద్ద వైశ్యుల కన్యకాపరమేశ్వరి ఆలయం ఇక్కడి తెలుగు వర్తక సమాజపు ఉనికికి సాక్ష్యం.

ఇక్కడి ఇళ్ల స్థలాలు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీధి వైపు అరుగు, లోపల నడవ, నడుమ గాలి వెలుతురుల కొరకు మండువా, వెనుక పెరడు, బావి. టేకు దూలాలపై ఇటుకలను నిలువంచున మూలవాటుగా సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు గచ్చును దట్టించిన మిద్దె వీటి కప్పు. దీనినే మద్రాసు టెర్రసు అంటారు.

1846-50 మధ్య నిర్మితమైన పచ్చయప్ప మందిరానికి ఏథెన్సులోని థీసియస్ ఆలయం నమూనా. అటువంటి ఐరోపా స్తంభాలు క్రమంగా ఇళ్ల ముఖభాగాలకూ వచ్చాయి. లోపలి మండువా మాత్రం మారలేదు. దీనిని కేవలం అనుకరణ అనుట సరికాదు. వీధికి కొత్త అధికారపు భాషలో ముఖం చూపిన గృహస్థు, పూజకూ భోజనానికీ స్త్రీల సంచారానికీ పాత అమరికనే నిలుపుకొన్నాడు. 1844లో క్రెసెంటు పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించిన గాజుల లక్ష్మీనరసుసెట్టి ఇట్టి వర్తక సమాజమునుండి వచ్చినవాడే. ఆంగ్లంలో పాలకులతో వాదించుట, ఇంటి ఆచారాన్ని విడువకుండుట అన్న రెండింటి పొందికకు ఈ గృహమే రూపం.

నేడు ఈ ఇళ్లలో అనేకం గిడ్డంగులయ్యాయి. సున్నపు గోడపై సిమెంటు పూసిన చోట తేమ లోపలే నిలిచి గోడ చెడుతుంది. మండువాపై కప్పు వేస్తే ఇంటి అర్థమే పోతుంది. కావున ముఖభాగపు ఛాయాచిత్రం చాలదు. మిగిలిన ప్రతి ఇంటి అంతర విన్యాసాన్నీ కొలతలతో నమోదు చేయుట తక్షణ కర్తవ్యం. స్తంభాలను మాత్రమే కాపాడితే, వాటి వెనుక బ్రతికిన సమాజపు చరిత్ర సగమే దక్కుతుంది.