అసెంబుల్డ్ డెస్క్‌టాప్ కంప్యూటర్: చరిత్ర

ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్.ఎస్.డి., పవర్ సప్లయి, క్యాబినెట్ మొదలగు భాగములను విడివిడిగా కొని, తన పనికి తగినట్లు కూర్చుకొను యంత్రమునకు అసెంబుల్డ్ కంప్యూటర్ అని వ్యవహారము. ఒకరినొకరు ఎరుగని తయారీదారులు వేర్వేరు దేశములలో చేసిన భాగములు ఒకే పెట్టెలో ఇముడుట బహిరంగముగా ప్రకటింపబడిన కొలతల వలననే సాధ్యమైనది. కావున ఈ యంత్రముల చరిత్ర ప్రధానముగా ఆ కొలతల చరిత్రయే.

ఆరంభదశ

అమెరికాలోని ఆల్బకర్కీ నగరమున ఎడ్ రాబర్ట్స్ నడిపిన ఎం.ఐ.టి.ఎస్. సంస్థ రూపొందించిన ఆల్టెయిర్ 8800, 1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' సంచిక ముఖచిత్రముగా లోకమునకు పరిచయమైనది. ఇంటెల్ 8080 ప్రాసెసర్, 256 బైట్ల మెమరీ గల ఆ యంత్రమును విడిభాగములుగా తెప్పించుకొన్నవారు తామే సోల్డరింగ్ చేసి నిలుపుకొనవలసి యుండెను. కీబోర్డు గాని తెర గాని లేకపోవుటచే ముందుపలకపైని స్విచ్చులే ఆదేశములకు, దీపములే సమాధానములకు ఆధారములయ్యెను. ఇంతటి ప్రయాస యున్నను, తరువాత ఎస్-100 అని పేరొందిన దాని నూరు తీగల మార్గమును అనుసరించి ఇతర సంస్థలును కార్డులు చేయ నారంభించుటతో, ఒకరి యంత్రమున మరొకరి భాగము పనిచేయు సంప్రదాయమునకు బీజము పడినది. ఆ సంవత్సరమే మార్చిలో, కాలిఫోర్నియాలోని మెన్లో పార్కున ఒక గ్యారేజీలో తొలిసారి సమావేశమైన హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు సభ్యులు తమ సర్క్యూట్లను దాచుకొనక పంచుకొని ఆ సంప్రదాయమును బలపరచిరి.

బహిరంగ నిర్మాణము

1981 ఆగస్టు 12న వెలువడిన ఐ.బి.ఎం. పి.సి. ఈ చరిత్రలో ప్రధాన ఘట్టము. డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వమున ఫ్లోరిడాలో పనిచేసిన బృందము, కాలహరణము లేకుండుటకై, బజారులో లభించు భాగములతోనే యంత్రమును నిర్మించి, దానికి ఐదు విస్తరణ స్లాట్లు అమర్చి, సర్క్యూట్ చిత్రములను, యంత్రమును ప్రారంభించు బయాస్ ప్రోగ్రాముతో సహా, గ్రంథరూపమున ప్రకటించెను. బయాస్‌కు కాపీరైటు రక్షణ యుండుటచే దానిని యథాతథముగా గ్రహించుటకు ఇతర సంస్థలకు వీలులేకపోయెను. అందుచే కాంపాక్, ఫీనిక్స్ సంస్థలలో ఒక బృందము దాని పనితీరును వివరించి వ్రాయగా, మూలమును చూడని మరియొక బృందము ఆ వివరణమునుండియే కొత్త ప్రోగ్రామును రచించెను. 1984లో ఫీనిక్స్ తన బయాస్‌ను ఇతర తయారీదారులకు అందింప నారంభించిన పిదప, గిగాబైట్, ఎం.ఎస్.ఐ., అసూస్ వంటి తైవాన్ సంస్థల మదర్‌బోర్డు పరిశ్రమకు మార్గము సుగమమైనది.

ఏ.టి.ఎక్స్. ప్రమాణము

ఏ.టి.ఎక్స్.కు ముందు వాడుకలోనున్న, ఏ.టి. అను రకపు బోర్డులకు విద్యుత్తునందించు ప్లగ్గులు రెండు ఒకే రీతిగా నుండెడివి. నల్లతీగలు మధ్యకు వచ్చునట్లు గాక తారుమారుగా పెట్టినచో బోర్డు దగ్ధమగు ప్రమాదముండెను. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణము తిరుగవేసి పెట్టుటకు వీలులేని ఒకే ప్లగ్గును విధించి, బోర్డు పరిమాణమును 305 × 244 మిల్లీమీటర్లుగాను, స్క్రూ రంధ్రముల స్థానములను నిర్దిష్టముగాను నిర్ణయించెను. ఆ ప్రమాణమునకు తగిన ఏ క్యాబినెట్‌లోనైన ఆ ప్రమాణపు ఏ బోర్డునైన బిగించుటకు నేటికిని ఆ నిర్ణయమే ఆధారమగుచున్నది.

ఉన్నత శ్రేణి యంత్రములు

1996లో త్రీడీఎఫ్ఎక్స్ వూడూ కార్డు, 1999లో ఎన్‌విడియా జీఫోర్స్ 256 గ్రాఫిక్స్‌ను ప్రాసెసర్‌తో సమానమైన ప్రధానాంగముగా మార్చెను. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ బస్సు వేగమును 66 నుండి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచి, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను 450 వద్ద నడిపించిన ఔత్సాహికులవలన ఓవర్‌క్లాకింగ్ బహుళప్రచారము పొందెను. వేగముతోపాటు వేడియు, విద్యుత్తు వాడుకయు హెచ్చినవి: 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్లు, 2025 నాటి ఆర్‌టీఎక్స్ 5090 కార్డు 575 వాట్లు కోరును. వీటి పదునారు పిన్నుల కనెక్టరునకు గరిష్ఠ పరిమితియైన 600 వాట్లనగా 12 వోల్టుల వద్ద 50 ఆంపియర్లు కావున, అది పూర్తిగా లోనికి దిగనిచో వేడెక్కి కరగు ప్రమాదము కలదు. ఉన్నత శ్రేణి కూర్పున ఖరీదైన భాగము నెన్నుకొనుటకన్న, దానికి తగిన పవర్ సప్లయిని, గాలిమార్గమును సమకూర్చుటయే నిజమైన నేర్పు.

భారతదేశమున

1997లో భారతదేశము చేరిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక ఒప్పందము ననుసరించి కంప్యూటర్ భాగములపై దిగుమతి సుంకములు క్రమముగా తొలగిపోయెను. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్ వలెనే సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు, అనగా తెలుగువారెల్లరు సీ.టీ.సీ. అని పిలుచు సముదాయము, ఈ వ్యాపారమునకు కేంద్రమైనది. దుకాణమున కొటేషన్ వ్రాయించుకొని, భాగమునకు భాగము పోల్చి బేరమాడిన విద్యార్థులకు ఆ బేరమే కంప్యూటర్ శాస్త్రమున తొలి పాఠమయ్యెను.

ప్రస్తుత స్థితి

2017లో ఏ.ఎం.డి. రైజెన్‌తో వ్యాప్తి చెందిన ఏ.ఎం.4 సాకెట్ బోర్డులు పెక్కింటిలో, బయాస్‌ను నవీకరించి, 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసర్‌ను అమర్చుట సాధ్యమైనది. ఐదేండ్ల పాత యంత్రము ఒక్క భాగము మార్పుతో సమకాలీన యంత్రములతో పోటీపడగలిగెను. ర్యామ్‌ను, ప్రాసెసర్‌ను బోర్డునకే సోల్డర్ చేసిన ల్యాప్‌టాప్‌లలో ఇట్టి పునరుద్ధరణకు తావు లేదు. చెడిన భాగమును తాను మార్చుకొనుటకు, చాలని భాగమును తాను పెంచుకొనుటకు యజమానికి గల స్వేచ్ఛయే ఈ యంత్రము నుండి పొందు గొప్ప ప్రయోజనము. ప్రకటిత ప్రమాణములను తయారీదారులు పాటించునంతకాలమే ఆ స్వేచ్ఛ నిలుచును గనుక, కొనుగోలుదారులు వేగమును విచారించునట్లే ప్రమాణములనుగూర్చియు విచారించుట అవశ్యకర్తవ్యము.