హెచ్ అనే ఖాళీ

శ్రీహరికోట 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. దీవి కదల్లేదు, పేరే మారింది. అక్కణ్ణుంచి పైకెళ్లిన వాటి పేర్లూ ఇంతే. వరసగా చదివితే ఇస్రో గెలుపులతో పాటు నష్టాలూ కనబడతాయి.

మన సొంత జీపీఎస్ అనుకునే నావిక్‌నే చూడండి. కావలసినవి ఏడు ఉపగ్రహాలు. 2013 జూలై 1న ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఎ, 2016 ఏప్రిల్ 28న 1జి. ఎ నుంచి జి దాకా ఏడక్షరాలు, లెక్క సరిపోయింది. నావిక్ అన్న పేరు కూడా ఆ రోజు పెట్టిందే.

ఏడాది తిరక్కుండానే 1ఎలోని మూడు రుబీడియం గడియారాలూ పాడయ్యాయి. దూరాన్ని కాలంతో కొలిచే వ్యవస్థ ఇది. సెకనులో పది కోట్లవ వంతు తేడా వస్తే మూడు మీటర్లు తప్పుతుంది. అందుకని 2017 ఆగస్టు 31న 1హెచ్‌ని పంపారు. ఉష్ణకవచం విడిపోలేదు, ఉపగ్రహం లోపలే ఉండిపోయింది. 2018 ఏప్రిల్‌లో వెళ్లిన దాని పేరు 1ఐ. హెచ్‌ని మళ్లీ వాడలేదు.

అన్నిసార్లూ ఇలా జరగలేదు. 2006లో రాకెట్‌తో పాటు పోయిన ఇన్సాట్-4సి బదులు మరుసటేడు వెళ్లింది 4సిఆర్. పోయినదాని పేరుకే ఒక అక్షరం తగిలించారు. పీఎస్ఎల్‌వీల్లో సి12 తర్వాత నేరుగా సి14. రాకెట్ నమూనా తిరుమల కొండెక్కి దీవెన తీసుకొచ్చే చోట పదమూడు ఎందుకు లేదో పెద్దగా ఆలోచించక్కర్లేదు.

నాకు మాత్రం హెచ్ పద్ధతే నచ్చుతుంది. డేటాబేస్‌లో తీసేసిన వరస నంబర్‌ని ఇంకొకరికి ఇవ్వం. ఇస్తే పాత లెక్కలన్నీ అబద్ధమైపోతాయి. భయపడి వదిలేసిన అంకె ఏమీ చెప్పదు. పోగొట్టుకుని వదిలేసిన అక్షరం ఏం జరిగిందో చెప్తుంది.

2023లో దేశీయ గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్లింది. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. 2025 జనవరి 29న, శ్రీహరికోట నూరో ప్రయోగంలో, ఎన్‌వీఎస్-02 వెళ్లింది. రాకెట్ తన పని తను చేసింది గానీ ఉపగ్రహంలో వాల్వు తెరుచుకోక అనుకున్న కక్ష్యకి చేరలేదు.

ఆ జూలైలో పార్లమెంటుకి ప్రభుత్వం చెప్పిన లెక్క ఇది: మొత్తం పంపినవి 11. చోటు చెప్పడానికి పనికొచ్చేవి 4, సందేశాలు పంపడానికే పనికొచ్చేవి 4, విరమించినది 1, కక్ష్య చేరనివి 2. ఎక్కడున్నామో తేల్చాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. అంటే అప్పటికి సరిగ్గా అంచు మీద ఉన్నాం.

2016లో ఏడూ పూర్తయ్యాయన్న మాట అబద్ధం కాదు, ఆ రోజుకి నిజం. పూర్తి చేయడానికి మూడేళ్లు పట్టింది. పూర్తిగా ఉంచే పనికి మాత్రం ఆఖరి అక్షరం లేదు.