ప్రహేళిక నుంచి గళ్ళ నుడికట్టు దాకా

వాత్స్యాయనుడు కామసూత్రాలలో నేర్వదగిన విద్యలుగా 64 కళలను పరిగణించినప్పుడు వాటిలో ప్రహేళికకు కూడా స్థానం కల్పించాడు. గీతం, నృత్యం, చిత్రలేఖనం ఉన్న పంక్తిలోనే మాటలో మాటను దాచే నేర్పును కూర్చోబెట్టాడు. ఆ పట్టికలోనే మ్లేచ్ఛిత వికల్పమని మరొక కళ ఉన్నది. అక్షరాలను తారుమారు చేసి, సంకేతం తెలిసినవారికి తప్ప ఇతరులకు బోధపడకుండా సంభాషించే విద్య అది. పత్రికల పుటలలో నలుపు తెలుపు గళ్ళతో కనిపించే పదవినోదాన్ని పొద్దుపుచ్చే సాధనంగా మాత్రమే చూడడం మనకు అలవాటైనది. దాని ఆకారం పడమటి దేశాల నుంచి వచ్చిన మాట నిజమే. దాని ప్రాణం మాత్రం ఈ ఉపఖండానికి చిరపరిచితం. ఆ ఆకారమూ ఈ ప్రాణమూ కలిసినప్పుడు తెలుగు నుడి ఏ రూపు దాల్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దండి చెప్పిన మూడు ప్రయోజనాలు

ప్రహేళికను గురించి ఆలంకారికులలో ఏకాభిప్రాయం లేదు. శాస్త్రగ్రంథం వలె వ్యాఖ్యానం ఉంటే తప్ప అర్థంకాని కావ్యం బుద్ధిమంతులకు పండుగ కావచ్చునేమో గాని, తక్కినవారి గతి ఏమిటని భామహుడు ఆక్షేపించాడు. మాటను మరుగుపరచడం పాఠకుణ్ణి వాకిట నిలబెట్టడమేనన్నది ఆయన అభ్యంతరం. ఇది తోసిపుచ్చదగిన అభ్యంతరం కాదు. తెలిసినవారు తెలియనివారిని దూరంగా ఉంచడానికి భాషను వాడుకొన్న సందర్భాలు ఏ దేశ చరిత్రలోనైనా కొల్లలుగా ఉన్నాయి.

దండి దీనిని మరొక వైపు నుంచి చూశాడు. కావ్యాదర్శం మూడవ పరిచ్ఛేదంలో ప్రహేళికకు మూడు ప్రయోజనాలను నిర్దేశించాడు. వినోదగోష్ఠులలో క్రీడగా ఉపకరించడం మొదటిది. పదిమంది మధ్య ఉండి కూడా తెలిసినవారు రహస్యంగా ముచ్చటించుకోవడానికి తోడ్పడడం రెండవది. ఎదుటివారిని తికమకపెట్టడం మూడవది. అంతటితో ఆగక 16 విధాల ప్రహేళికలను పేర్కొని లక్షణ లక్ష్యాలను చూపించాడు. పదాల సంధిలో అర్థం మరుగుపడితే అది సమాగత. ప్రసిద్ధమైన అర్థంతో దారి తప్పించి, అప్రసిద్ధమైన అర్థాన్ని ఉద్దేశిస్తే అది వంచిత. అక్షరాల లెక్కే చిక్కుముడి అయితే అది సంఖ్యాత.

ఇంతకంటె విలువైన మాట మరొకటి అక్కడే ఉన్నది. పూర్వాచార్యులు మరి 14 దుష్ట ప్రహేళికలను కూడా చెప్పారని, దోషాలకు అంతులేదు కనుక తాను సాధు ప్రహేళికలను మాత్రమే వివరిస్తానని దండి అన్నాడు. దాచడంలో కూడా మంచీ చెడూ ఉన్నవని, విప్పడానికి వీలులేని ముడి వేయడం నేర్పు కాదని దీని తాత్పర్యం. భామహుని ఆక్షేపణకు ఇదే సరైన సమాధానం. తలుపు మూయవచ్చు, తాళంచెవి మాత్రం అందేచోట ఉంచాలి.

ఈ సంప్రదాయం సంస్కృతంతో ఆగిపోలేదు. ప్రహేళిక అనే మాటే హిందీలో పహేలీగా మారి, అమీర్ ఖుస్రో (1253-1325) పేర ప్రచారంలో ఉన్న పొడుపుల ద్వారా ఉత్తరాపథమంతటా ఇంటింటి మాట అయినది. తెలుగులో 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన రాఘవపాండవీయంలో శ్లేషను కావ్యమంత పొడవునా నడిపించి, ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ నిలబెట్టాడు. అవధాన సభలలో నిషిద్ధాక్షరి, దత్తపది, సమస్యాపూరణం పదబంధనాన్ని బహిరంగ క్రీడగా మార్చాయి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జంటగా ఊరూరా జరిపిన అవధానాలతో పండిత గోష్ఠులలోని ఈ వినోదం సామాన్య సభాసదుల ముంగిటికి వచ్చింది.

పడమటి గళ్ళు, వాటి న్యాయం

గళ్ళ రూపం 1913 డిసెంబరు 21న పుట్టింది. న్యూయార్క్ వరల్డ్ పత్రిక ఆదివారం అనుబంధంలో, లివర్‌పూల్‌లో జన్మించిన ఆర్థర్ విన్ వజ్రాకారంలో ఒక పదబంధాన్ని ప్రకటించాడు. 1924లో సైమన్ అండ్ షూస్టర్ సంస్థ ఇటువంటి వాటిని తొలిసారిగా పుస్తకరూపంలో వెలువరించడంతో అమెరికాలో అది వెర్రిగా వ్యాపించింది. అదే ఏడు దీనిని వ్యర్థ కాలక్షేపమని తీసిపారేసిన న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1942 ఫిబ్రవరిలో తన ఆదివారం సంచికలో తానే చోటు ఇచ్చుకోవలసివచ్చింది.

ఇంగ్లండు చేరిన తరువాత ఈ క్రీడ స్వభావమే మారిపోయింది. అర్థమిచ్చి పదమడిగే పద్ధతి వెనుకబడి, శ్లేష, అక్షరాల తారుమారు, పదవిభజన ముందుకు వచ్చాయి. ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో టార్కెమాడా అనే మారుపేరుతో గళ్ళు కూర్చాడు. అది స్పెయిన్ దేశపు మతవిచారణాధికారి పేరు. పూరించేవారిని హింసించడమే తన వృత్తి అని ఆయన చమత్కారం. లండన్ టైమ్స్ 1930 ఫిబ్రవరి 1న తన గళ్ళను ప్రారంభించింది. మాథర్స్ 1939లో మరణించగా ఆ స్థానానికి వచ్చిన డి. ఎస్. మాక్‌నట్ మరొక మతవిచారణాధికారి పేరును స్వీకరించి జిమెనెస్ అయినాడు.

పేరు క్రూరమైనా జిమెనెస్ చేసిన పని న్యాయస్థాపన. 1966లో వెలువడిన తన గ్రంథంలో ఆయన సూచనకు నియమాలు ఏర్పరచాడు. ప్రతి సూచనలో సమాధానానికి సరైన నిర్వచనం ఒకటి ఉండాలి. ఆ సమాధానానికే దారితీసే పదక్రీడ మరొకటి ఉండాలి. ఈ రెండూ తప్ప అనవసరమైన మాట ఉండరాదు. నిర్మాత పైకి ఒక అర్థం స్ఫురింపజేసి మరొకటి ఉద్దేశించవచ్చు గాని, ఉద్దేశించినది ఆ వాక్యంలోనే ఉండి తీరాలి. సాధు ప్రహేళికకూ దుష్ట ప్రహేళికకూ దండి గీసిన గీత వెయ్యేళ్ళకు పైబడిన కాలం తరువాత వేరొక దేశంలో, వేరొక భాషలో ఈ విధంగా మళ్ళీ ప్రత్యక్షమైంది. ఒకరినుంచి ఒకరు నేర్చుకొన్నారని చెప్పనక్కరలేదు. దాచడాన్ని కళగా సాధన చేసినవారు ఎక్కడివారైనా ఈ ధర్మం దగ్గరికే చేరుకోవలసి ఉంటుంది.

దండి చెప్పిన రెండవ ప్రయోజనానికి కూడా ఆధునిక నిదర్శనం ఉన్నది. 1942 జనవరిలో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక తన కార్యాలయంలో ఒక పోటీ నిర్వహించి, 12 నిమిషాలలో గళ్ళు నింపగలవారున్నారో లేదో పరీక్షించింది. అటుపిమ్మట అందులో పాల్గొన్న కొందరికి బ్రిటిషు యుద్ధశాఖ నుంచి పిలుపు వచ్చింది. శత్రువుల రహస్యలిపిని ఛేదించే బ్లెచ్లీ పార్క్ కేంద్రానికి అటువంటి బుద్ధి కావలసివచ్చింది. కామసూత్రాల పట్టికలో ప్రహేళికా, మ్లేచ్ఛిత వికల్పమూ ఒకే చోట ఉండడంలోని ఔచిత్యం ఈ సంఘటన వల్ల స్పష్టమవుతుంది.

తెలుగు గడిలో అక్షరం

ఈ ఆకృతిని తెలుగులోకి తెచ్చినప్పుడు మొదట ఎదురైన ప్రశ్న గడిలో ఏమి నింపాలన్నది. ఇంగ్లీషులో 26 అక్షరాలే ఉన్నందున ఏ రెండు పదాలైనా ఎక్కడో ఒకచోట సులువుగా కలుసుకొంటాయి. తెలుగులో గడికి ఒక వర్ణం కాదు, గుణింతంతో, ఒత్తుతో, సున్నతో కూడిన పూర్ణాక్షరం కావాలి. గుణింతాలు, సంయుక్తాక్షరాలు లెక్కవేస్తే వాటి సంఖ్య వందలు దాటుతుంది. అందుచేత అడ్డమూ నిలువూ కలిసే చోట్లు వెదకడం నిర్మాతకు కష్టం. కాని దొరికిన ప్రతి కూడలీ పూరించేవారికి ఎక్కువ సాయం చేస్తుంది. 'ర' అనే గడికీ 'ద్ర' అనే గడికీ తేడా ఉన్నది. రెండవది దొరికితే పదం సగం దొరికినట్లే. హిందీలో వర్గ్ పహేలీ కూర్చేవారు కూడా ఈ సమస్యనే ఎదుర్కొన్నారు.

తెలుగులో ఈ ప్రక్రియకు గౌరవం కలిగించినవారు కవులే కావడం గమనార్హం. శ్రీశ్రీ (1910-1983) 'పదబంధ ప్రహేళిక' పేరుతోను, ఆరుద్ర (1925-1998) 'గళ్ళ నుడికట్టు' పేరుతోను వీటిని కూర్చారు. మొదటి పేరు దండి పరిభాషను నిలుపుకొన్నది. రెండవది అచ్చ తెనుగులో కొత్తగా పలికింది. ఛందస్సు తెలిసినవారికి మాటను తూచడం, విరవడం, అతకడం నిత్యకృత్యం కనుక ఈ పని వారికి పరాయిదిగా తోచలేదు.

ఒక విషయాన్ని కేంద్రంగా చేసుకొని అల్లే గడులలో ఈ శక్తి మరింత బాగా కనిపిస్తుంది. లక్ష్యం లేని లక్షణం బోధపడదు గనుక ఇక్కడ కొన్ని సూచనలను కూర్చి చూపుతున్నాను. విషయమేమిటో నిర్మాత చెప్పలేదనుకొందాం.

'ఆవును రమ్మని పిలిచి ధాన్యం చూపితే పరుగుతీసేది (4)' అన్నది మొదటి సూచన. చదవగానే పల్లెటూరి పెరడు కళ్ళకు కడుతుంది. ఆ దృశ్యాన్ని పక్కకు పెట్టి మాటలను విడివిడిగా చూడాలి. ఆవు గో, రమ్మనే పిలుపు దా, ధాన్యం వరి. మూడూ చేరితే గోదావరి. పరుగుతీసేది ఆవు కాదు, నది.

'పాముల వరుస, శ్రీకాకుళం పక్కనే! (4)' అన్నది మరొకటి. భయపడనక్కరలేదు. నాగ, ఆవళి అనే మాటలు సవర్ణదీర్ఘసంధితో కలిస్తే శ్రీకాకుళాన్ని ఒరుసుకొని పారే నాగావళి. ఇది దండి చెప్పిన సమాగతకు చక్కని ఉదాహరణ. గోదావరి మూడవ గడిలోని 'వ', నాగావళి మూడవ గడిలోని 'వ' ఒకటే కనుక రెండు నదులూ అక్కడ ఒకదానినొకటి దాటుతాయి. ఇప్పుడు విషయం నదులన్న అనుమానం పూరించేవారికి కలుగుతుంది.

ఆ అనుమానంతో తక్కినవి తేలికపడతాయి. 'సున్న జారిన కాలి అందె (3)' అంటే మంజీరంలో సున్న పోగా మిగిలిన మంజీర. 'వెదురు మీదుగా జారే నీటి వరుస (4)' వంచిత జాతికి చెందినది. వంశమంటే మనకు కులమే మొదట స్ఫురిస్తుంది. సంస్కృతంలో వెదురు కూడా వంశమే. అది గుర్తుకు వస్తే వంశధార దొరుకుతుంది. 'గడ్డి పక్కన కృష్ణుని రాణి (4)' అన్నప్పుడు గడ్డి తుంగ, అష్టమహిషులలో ఒకామె భద్ర. తుంగభద్ర కృష్ణలోనే కలుస్తుందన్న సంగతి గుర్తుంటే ఈ సూచన పైపొరలో కూడా దాదాపు సత్యమే పలుకుతున్నది.

చివరి సూచన 'ముద్రతో కూడినది, ఉప్పనిది (4)'. స అంటే 'తో కూడిన' అని సంస్కృతార్థం, సమాధానం సముద్రము. తుంగభద్ర చివరి గడిలోని 'ద్ర' దీని మూడవ గడి. 'సముద్రం' అని మూడు గళ్ళలో ముగించబోయినవారికి ఆ కూడలిలో 'ద్రం' ఇమడదు. పూర్ణరూపం వ్రాయక తప్పదు. ఆ విధంగా గడి ఒకవైపు వినోదం కలిగిస్తూనే ముకారాంత రూపాన్ని గుర్తుచేస్తుంది. నదులను వెదుకుతూ వచ్చిన పాఠకుడు నది కాని పదం దగ్గర ఆగి, నదులన్నీ చేరవలసిన చోటికే తానూ చేరానని గ్రహిస్తాడు.

ఈ కొద్ది సూచనలు విప్పడానికి పల్లె మాట, సంధి నియమం, నిఘంటువు, పురాణం, భూగోళం అన్నీ అవసరమైనవి. ఏ ఒక్కటీ పండితులకే పరిమితమైనది కాదు. ఏ ఒక్కటీ అందరికీ వెంటనే తట్టేది కాదు. 'దా' అనే పిలుపు తెలిసిన రైతుకు 'ఆవళి' తెలియకపోవచ్చు. 'ఆవళి' తెలిసిన విద్యార్థి తుంగగడ్డిని చూసి ఉండకపోవచ్చు. ఒకే గడి ముందు ఇద్దరూ కూర్చుంటే ఒకరి మాట మరొకరికి అందుతుంది. భామహుడు భయపడిన వేరుపాటును ఈ కూడలి కొంతవరకైనా చెరిపివేయగలదు.

ఈ ఒప్పందం ఎంత గాఢమైనదో ఇంగ్లండులో జాన్ గ్రాహం జీవితం తెలియజేస్తుంది. 1958 నుంచి గార్డియన్ పత్రికకు గళ్ళు కూర్చి, అరౌకారియా అనే మారుపేరుతో పేరొందిన ఈ క్రైస్తవ మతాచార్యుడు విషయప్రధానమైన గడులకు ప్రసిద్ధుడు. 2013 జనవరిలో, తన 91వ ఏట, తనకు అన్నవాహికలో క్యాన్సర్ సోకిన వార్తను ఆయన ఒక గడి ద్వారానే పాఠకులకు తెలియజేశాడు. వ్యాధి పేరు, అది సోకిన అవయవం, అందుతున్న ఉపశమన చికిత్స, అన్నీ అందులో సమాధానాలే. పూరించినవారు ఒక్కొక్క అక్షరమే నింపుతూ ఆ వార్తను తమంత తామే తెలుసుకొన్నారు. ఆ ఏడు నవంబరులో ఆయన కన్నుమూశాడు. ఎన్నడూ ముఖాముఖి కలవని వేలాది పాఠకులతో దశాబ్దాలపాటు నమ్మకంగా ఆడిన మనిషి, చెప్పడానికి కష్టమైన మాటను చెప్పుకోవడానికి కూడా ఆ నమ్మకాన్నే ఆశ్రయించాడు.

మన కావ్యాలకు పరిష్కృత ప్రతులు ఉన్నవి; శాసనాలకు సంపుటాలు ఉన్నవి. పత్రికలలో వెలువడిన గళ్ళకు ఆ భాగ్యం అంతగా లేదు. పూరించి పంపడానికి కత్తిరించిన పుట తిరిగి రాదు; మిగిలిన ప్రతి మరునాటికి పొట్లం కాగితం అవుతుంది. కాని ఒక తరంవారికి ఏ మాట తేలికగా తట్టేదో, దేనికి నిఘంటువు తెరవవలసివచ్చేదో, ఏ ఊరి పలుకుబడి అందరికీ తెలుసునని నిర్మాత భావించాడో తెలిపే ఆధారం ఈ గళ్ళకంటె వేరొకటి అరుదు. కవుల సమగ్ర రచనలను సంకలనం చేసేవారు, గ్రంథాలయాలలో పాత పత్రికల సంపుటాలను భద్రపరచేవారు ఈ పుటలను కూడా రచనలుగానే పరిగణించి, సూచనలతోను సమాధానాలతోను కలిపి నమోదు చేయడం అవసరం. సమాధానాలు మరుసటి సంచికలో ఉంటాయి గనుక రెండు సంచికలనూ దాచాలి.