గర్భవతి కంచము

ఈ శతాబ్ది సంచికలో ఆసుపత్రులను గూర్చియు, పాఠశాలలను గూర్చియు వ్రాయుటకు మాకంటె తగిన పెద్దలు ఉన్నారు. చరిత్రాంశమేదైన వ్రాసి పంపుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, 2020వ సంవత్సరపు వేసవిలో మా సంఘమున జరిగిన ఒక చిన్న సంగతి మాకు జ్ఞాపకము వచ్చెను. అక్కడినుండియే ఆరంభింతుము.

ఆ సంవత్సరము మార్చిలో అంగన్‌వాడీ కేంద్రములు మూతపడెను. కూలి పనులు నిలిచిపోయెను. మా స్త్రీల సమాజమువారు పేటలో గర్భవతులైన తొమ్మిదిమందిని గుర్తించి, దినమునకొక పూట అన్నము, పప్పు, ఆకుకూర, ఉడికించిన కోడిగ్రుడ్డు క్యారియరులో పెట్టి ఇండ్లకు పంపసాగిరి. చాల సంతోషించితిమి. మూడు వారములైన తరువాత మేము ఒక ఇంటికి వెళ్ళగా, గ్రుడ్డు నాలుగు ముక్కలై పిల్లల చేతులలో ఉన్నది. కోడలు పొయ్యి దగ్గర కూర్చుండి గంజి త్రాగుచున్నది. మేమేమియు అడుగక మునుపే అత్తగారు, "అయ్యగారూ, పిల్లలు నోట్లోకి చూస్తా ఉంటే అదొక్కతే ఎట్టా తింటది?" అనెను. మేము జవాబు చెప్పలేకపోతిమి.

ఇంటికి చేర్చిన అన్నము ఎవరి కడుపులోనికి పోవును? ఈ ప్రశ్న ఆనాడు మాకు క్రొత్తయే గాని లోకమునకు క్రొత్త కాదు.

1928లో లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చెను. అక్కడి బట్టల మిల్లులలో పనిచేయు బీద స్త్రీలు గర్భముతో ఉండగా రక్తము క్షీణించి మరణించుచుండిరి. విల్స్ దొరసాని వారి ఇండ్లకు పోయి వారు ఏమి తినుచున్నారో విచారించెను. కూరలు, పండ్లు, పాలు మిక్కిలి తక్కువ. అటువంటి తిండినే ప్రయోగశాలలో జంతువులకు పెట్టి చూచి, చివరకు మార్మైట్ అను చవుక పదార్థముతో ఆ వ్యాధి కుదురునని 1931లో ప్రకటించెను. మార్మైట్ అనగా బీరు కాచిన తరువాత మిగిలిన ఈస్టునుండి తీసిన నల్లని ముద్ద. మేము ఒకసారి రుచి చూచితిమి, రెండవసారి చూడదలచుకొనలేదు. ఆ ముద్దలో ఉన్న గుణమేమో ఆమెకు తెలియదు. అది ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలెను. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు ప్రతి గర్భవతికి ఇచ్చు ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లము కూడ కలిసియున్నది. మా సంఘములో ఆ మాత్రను చూరులో దాచిపెట్టినవారిని ఎరుగుదుము గనుక ఈ మాట ప్రత్యేకముగా వ్రాయుచున్నాము.

ఆ మార్మైట్ మరల వేల్సు దేశమున కనబడును. 1930 తరువాతి సంవత్సరములలో అచ్చటి రాండా లోయలో బొగ్గు గనులు మూతపడి కుటుంబములు పస్తులుండెను. కాన్పుకు వైద్య సదుపాయములు పెంచినను తల్లుల మరణములు తగ్గలేదు. అప్పుడు జూలియట్ రైస్ విలియమ్స్ అను ఆమె బీద గర్భవతులకు మార్మైట్, పాలు మొదలగునవి పంచు ఏర్పాటు చేసెను. మరణములు తగ్గెను. తిండియే కారణమని ఆమె వాదించెను. అయితే సరిగా ఆ కాలముననే సల్ఫా మందులు వచ్చి బాలింత జ్వరములను కుదిర్చెను గనుక, ఖ్యాతిలో ఎక్కువ పాలు మందులదేనని తరువాతి చరిత్రకారులు చెప్పుచున్నారు. వారి మాటయే సరియైనదని మాకు తోచుచున్నది. అయినను ఆకలిగొన్నవారికి పెట్టిన తిండి వ్యర్థమనుటకు మాకు నోరు రాదు. 1940లో యుద్ధము నడుమ బ్రిటిషు ప్రభుత్వము ప్రతి గర్భవతికి దినమునకొక పైంటు పాలు తక్కువ ధరకు, గతిలేనివారికి ఉచితముగా ఇచ్చు పద్ధతి పెట్టెను.

కెనడాలోని మాంట్రియల్ నగరములో 1879నుండి పనిచేయుచున్న డైట్ డిస్పెన్సరీ అను సంస్థ కలదు. అక్కడ ఆగ్నెస్ హిగ్గిన్స్ అను ఆమె ప్రతి గర్భవతిని విడిగా కూర్చుండబెట్టి, ఆమె బరువు, తిండి, దుఃఖము, పూర్వపు కాన్పులు అన్నియు విచారించి, ఆమెకు ఎంత ఆహారము కావలెనో లెక్కకట్టించెడిది. అందరికి ఒకే కొలత కాదు. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు బిడ్డలను పోల్చిచూచి 1989లో వెలువరించిన పరిశీలనలో, ఈ సహాయము పొందిన కాన్పున పుట్టిన బిడ్డ సగటున 107 గ్రాములు ఎక్కువ తూగెనని తేలెను. 107 గ్రాములు మనకు పిడికెడు బియ్యము. రెండు కిలోల బిడ్డకు అది చిన్న సంగతి కాదు.

మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న 33 ప్రాంతములలో ఆరంభమాయెను. 2013 ఆహార భద్రతా చట్టము గర్భిణికిని, కాన్పైన ఆరు నెలలవరకు బాలింతకును ఉచిత భోజనమును హక్కుగా చేసెను. ఆ సంవత్సరము జనవరి 1ననే ఆంధ్రప్రదేశ్‌లో అమృతహస్తము, 2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి మొదలాయెను. వీటిలోని తెలివి ఏమనగా, బియ్యము ఇంటికి పంపక, తల్లినే కేంద్రమునకు పిలిచి, వండిన భోజనము, గ్రుడ్డు, పాలు అక్కడనే తినిపించుట. మన ఇండ్లలో కోడలు అందరి తరువాత తినును. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని గర్భవతికి కంచములో తగ్గించుటయు కలదు. కేంద్రములో ఆమె ముందు వేరొకరి కంచము లేదు. దూరపు తండాలవారికి, ఏడవ నెల దాటినవారికి రోజూ నడచుట కష్టమనుట నిజమే. మబ్బు పట్టిన దినమున ఎవరు వత్తురు?

మేము ఈ చరిత్రయంతయు ఆ వేసవిలో ఎరుగము. ఆ ఇంటినుండి వచ్చి స్త్రీల సమాజమువారితో చెప్పగా, ఒక పెద్దమ్మగారు, "ఇంటిల్లిపాదికీ పెట్టకుండా ఒకరికి పెడితే అట్టాగే ఉంటది" అనెను. కానుకల పెట్టెలో ఉన్నది తక్కువ. అయినను తొమ్మిది ఇండ్లను ఆరింటికి తగ్గింపక, బియ్యము, పప్పు ఇంటికంతటికి వేరుగా ఇచ్చి, గ్రుడ్డు, పాలు మాత్రము తీసికొనిపోయినవారు కోడలి ప్రక్కన కూర్చుండి ఆమె తినువరకు మాటలాడవలెనని నిర్ణయించిరి. పిల్లలకు తలా ఒక వేరుసెనగ ఉండ. నెల దాటునప్పటికి ఆ అత్తగారే గుమ్మము దగ్గర నిలిచి, "వచ్చారా అమ్మా, ఇయ్యాల ఆలస్యమైంది, అది ఆకలంటా ఉంది" అని పీట వేసెడిది. ఆగస్టులో ఆ ఇంట ఆడపిల్ల పుట్టినది. ప్రభుత్వాసుపత్రిలో తూచగా రెండు కిలోల ఎనిమిది వందలు.