సముద్రము దాటిన దాంపత్యము: కొల్లేటి సీమనుండి పరదేశములకు భార్యలను రప్పించుకొనిన చరిత్ర

మన వివాహమునకు అగ్నిహోత్రుడు సాక్షి, బంధుమిత్రులు సాక్షులు. ఇంతకుమించిన ప్రమాణ మవసరమని మన పెద్ద లేనాడును తలంపలేదు. కాని భర్త పరదేశమున స్థిరపడి భార్యను తనకడకు రప్పించుకొన దలచినపుడు, ఆ దేశపు ప్రభుత్వము ఈ సాక్షుల నెఱుగదు. అది కాగితము నడుగును. ఈ కాగితపు సాక్ష్యము మన కుటుంబముల జీవితమున నెట్లు ప్రవేశించెనో, దానివలన నెవరికి మేలు కలిగెనో, ఎవరికి కీడు కలిగెనో, ఈ వార్షిక సంచికను చదువు మహాశయులకు సంగ్రహముగా విన్నవింప నెంచితిమి. ఏలూరు, తాడేపల్లిగూడెము, కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో నేడు విదేశమున బంధువులు లేని యూరు అరుదు గాన, ఇది మనకు కేవలము చరిత్ర గాదు, గృహకృత్యము.

రంగము పోయిన కాలము

గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప డెల్టాభూములు పండినవి. అయినను కూలికి పోవువారి కందఱికిని ఏడాది పొడుగున పని దొరకలేదు. కొల్లేటి లంకలలో ముంపు వచ్చిన యేడు చేను పోవుట, చేను పోయిన యేడు అప్పు పెరుగుట పరిపాటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరంతయు ఉప్పుటేఱొక్కటియే సముద్రమునకు కొనిపోవలయును. ఇట్టి సీమనుండియు, దీని కుత్తరముననున్న జిల్లాలనుండియు, కాకినాడ రేవున స్టీమరెక్కి వేలకొలది తెలుగువారు బర్మాకు పోయిరి. వారు రంగూనును రంగమనిరి. వరికోతలయందును, బియ్యపుమిల్లులలోను, రేవులో సరకుల యెత్తుదింపులయందును వారికి పని దొరకెను.

1937 ఏప్రిలు 1వ తేదీవఱకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగముగా నుండెను. కావున భార్యను తీసికొని పోవుటకు అర్జీతోగాని అనుమతిపత్రముతోగాని పనిలేదు. స్టీమరు టిక్కెట్టు చాలును. ఐనను భార్యలు పోయిన దరుదు. 1931 జనాభా లెక్కలలో బర్మానందలి భారతీయులు పదిలక్షలకు పైబడియుండగా, అందు స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యకు మిక్కిలి తక్కువ. రెండుమూడేండ్లు సంపాదించి తిరిగివచ్చు పనివాడు రేవుప్రక్కనున్న ఇఱుకుబసలో కాపురము పెట్టజాలడు. చట్టము తలుపు తెఱచియున్నను పేదఱికము దానిని మూసెనని దీనివలన తెలియుచున్నది.

ఆ తలుపును చట్టము సయితము మూయుటకు కాలము పట్టలేదు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మీయులకును జరిగిన కలహములలో అనేకులు ప్రాణములు గోల్పోయిరి. 1937లో బర్మా వేఱుపడెను. 1941లో జరిగిన ఇండో-బర్మా వలసయొడంబడిక పాసుపోర్టులను, అనుమతిపత్రములను, రుసుములను విధించెను. అది పూర్తిగా నాచరణకు రాకమునుపే ఆ డిసెంబరున జపానుయుద్ధము వచ్చిపడెను. 1942లో నాలుగైదు లక్షల భారతీయులు బర్మాను విడిచి, పెక్కండ్రు అడవిదారుల నడచి స్వదేశము చేరిరి. కాకినాడ రేవునకు రావలసిన స్టీమరుకై యెదురుచూచిన యిల్లాండ్రలో కొందఱికి భర్తయు రాలేదు, వార్తయు రాలేదు.

వివాహమే చెల్లదనిన తీర్పు

దక్షిణాఫ్రికాలో ఈ సమస్య వేఱొక రూపమును దాల్చెను. 1860 నవంబరున మద్రాసునుండి ట్రురో నౌకపై నాటాలు చేరినవారు మొదలు, చెఱకుతోటల ఒప్పందపు కూలీలలో తెలుగువారు గణనీయముగా నుండిరి. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలను గొనిపోవలయునని ఆనాటి వలసనిబంధన. ఆ స్త్రీలలో నెవరు ధర్మపత్నులో, ఎవరు ఒంటరిగా బయలుదేరినవారో, రేవునందలి డిపోలోని గుమాస్తా వ్రాసిన దానినిబట్టియే నిర్ణయింపబడెను. మన యాడుపడుచుల సంసారమునకు సర్కారువారి రిజిస్టరు తొలిసారిగా ప్రమాణమైన దచ్చటనే.

1913 మార్చి 14వ తేదీన కేపు సుప్రీంకోర్టున న్యాయమూర్తి సెర్లు, క్రైస్తవపద్ధతిని జరుగక, రిజిస్టరు గాక, బహుభార్యాత్వము నంగీకరించు మతమునుబట్టి జరిగిన వివాహము అచ్చటి చట్టము దృష్టిలో చెల్లదని తీర్పు చెప్పెను. తన భార్యను దేశములోనికి రానిమ్మని కోరిన మహమ్మదీయ గృహస్థుని వ్యాజ్యెమది. కాని దానివలన హిందువులు, మహమ్మదీయులు, పారసీకులందఱి యిల్లాండ్రును ఒక్క వాక్యముతో ధర్మపత్నీస్థానమును గోల్పోయిరి. అంతవఱకు ఉద్యమమునకు దూరముగానున్న స్త్రీలు అప్పుడు వీథులకు వచ్చిరి. కస్తూరిబాయి మొదలగువారు ఆ సెప్టెంబరున చెఱసాలకు పోయిరి. 1914లో వచ్చిన భారతీయుల ఉపశమనచట్టము ఒక పురుషునకు ఒక భార్యయను నియమముతో మన వివాహములను గుర్తించి, మూడుపౌనుల పన్నును రద్దుచేసెను. భార్యను రప్పించుకొను హక్కు పరాయి ప్రభుత్వము దయతలచి యిచ్చినది కాదనియు, స్త్రీలు చెఱసాలకేగి సాధించినదనియు మనవారు మఱువరాదు.

అమెరికా ద్వారము

అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్ర యింకను కఠినమైనది. 1917 చట్టము ఆసియాఖండమున అధికభాగమును నిషిద్ధమండలముగా నేర్పఱచెను. విద్యార్థులకును కొన్ని వృత్తులవారికిని మాత్రము మినహాయింపు లభించెను. 1923 ఫిబ్రవరిలో అచ్చటి సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండు వ్యాజ్యెమున భారతీయులు పౌరసత్వమున కర్హులు గారని తీర్మానించెను. 1924 చట్టము పౌరసత్వమున కర్హులుగానివారు వలసవచ్చుటకే వీలులేదనెను. అనగా అచ్చటనున్న భారతీయుడు పౌరుడు కాజాలడు, పౌరుడు గానందున భార్యను స్థిరనివాసినిగా రప్పించుకొనజాలడు.

ఈ కాలముననే మన పొరుగున భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయిరి. మామగారి సాయమును, రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగనాయకరుగారి పేర కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సాయమును వారికి తోడయ్యెను. బర్మాలో తెలుగువారు గడించిన ధనము ఒక తెలుగువానిని అమెరికాకు పంపెనన్నమాట. హార్వర్డులోను, పిదప 1940నుండి లెడర్లీ పరిశోధనాలయములోను వారు చేసిన కృషి లోకవిదితము. వారి ధర్మపత్ని శేషగిరిగారు స్వదేశముననే యుండిరి. ఆయన మఱల తిరిగిరాలేదు, ఆమె అచ్చటికి పోలేదు. ఆయన అమెరికా పౌరసత్వము పొందకయే 1948లో న్యూయార్కున కాలధర్మము నొందిరి. దీనికంతకును చట్టమే కారణమని మేము చెప్పము. వృత్తిదీక్ష, ధనాభావము, విధి యన్నియు గలవు. ఐనను, ఆమెను పిలిపించుకొను సులభమార్గ మొకటి యుండియుండినచో ఆ దంపతుల కథ యెట్లుండెడిదో యని తలపక యుండలేము.

1946 జూలై 2వ తేదీన అధ్యక్షుడు ట్రూమను సంతకముచేసిన లూస్-సెల్లరు చట్టము భారతీయులకు పౌరసత్వము నిచ్చి, వలసకు ఏడాదికి నూర్గురి కోటా నేర్పఱచెను. 1965 చట్టము ఆ కోటాపద్ధతిని తొలగించి, దేశమునకు ఇరువదివేల పరిమితి యుంచి, పౌరుల భార్యాభర్తలను ఆ పరిమితి వెలుపల నిలిపెను. ఇదే మన సీమకు ద్వారము తెఱచినది. విశాఖపట్టణము, గుంటూరు వైద్యకళాశాలలలో చదివిన డాక్టరులు ముందును, ఇంజినీర్లు తరువాతను పోయిరి. 1977లో తానా తొలి సభ జరుగునాటికే అచ్చట తెలుగుకుటుంబములు సభ జరుపుకొనునంతగా పెరిగినవి.

అర్జీ నడచు తీరు

భార్యను రప్పించు అర్జీకి ఐ-130 యని పేరు. అర్జీదారు పౌరుడైనచో భార్యకు వరుసలో నిలుచు నిరీక్షణ లేదు. గ్రీనుకార్డు మాత్రము గలవాడైనచో ఆమె సంఖ్యాపరిమితిగల తరగతిలో చేరి వేచియుండవలయును. ఒకానొక కాలమున ఈ నిరీక్షణ యెంత దీర్ఘమయ్యెననగా, మూడేండ్లు మించి వేచినవారికై 2000 సంవత్సరమున ప్రత్యేకముగా ‘వి’ వీసాను కల్పింపవలసివచ్చెను. పెండ్లియైన ఆషాఢములోనే భర్త విమానమెక్కగా, అత్తవారింట నాలుగేండ్లు గడపిన కోడండ్రు ఆ దినములలో మన గ్రామములందు కలరు. తాత్కాలికోద్యోగపు వీసాతో పోయినవారి భార్యలకు ఈ అర్జీ లేకయే ఆశ్రితవీసా దొరకెను గాని, వారికి ఉద్యోగము చేయు హక్కులేదు. 2015లో వారిలో కొందఱికి మాత్రమే ఆ హక్కు లభించెను.

పూర్వము విదేశమున కాపురమున్న అమెరికా పౌరుడు తానున్నచోటనే కాన్సలేటునందు నేరుగా అర్జీని దాఖలుచేయు వాడుక యుండెను. స్వగ్రామమునకు వచ్చి కొంతకాలము నిలిచిన పౌరులకు అది త్వరితమార్గము. 2011 ఆగష్టు 15నుండి అట్టి అర్జీలలో అధికభాగము చికాగోలోని స్వీకరణకేంద్రమునకు పంపవలసినవాయెను. వలసశాఖకు స్వంతకార్యాలయమున్న దేశములలో నివసించువారికి మాత్రము ఆ కార్యాలయమునందే దాఖలుచేయు వీలు మిగిలెను. 2020 ఫిబ్రవరి 1నుండి అదియును పోయెను. నేడు ప్రాణాపాయమువంటి అసాధారణ పరిస్థితులలో దప్ప కాన్సలేటువారు అర్జీ పుచ్చుకొనరు.

అర్జీ మంజూరైన పిమ్మట కాగితములు న్యూ హాంప్‌షైరు రాష్ట్రమందలి జాతీయవీసాకేంద్రమునకు పోవును. భర్త తన కుటుంబమును పోషింపగలనని, పేదఱికపు గీటుకు నూటికి నూటయిరువదియైదు వంతుల ఆదాయము గలదని పూచీపత్ర మీయవలయును. పిదప వైద్యపరీక్ష, ఆపై కాన్సలేటులో సంభాషణ. హైదరాబాదులో అమెరికా కాన్సలేటు 2008లో వెలసినది గాని, వలసవీసాలకు ముంబయి చిరకాలముగా ప్రధానస్థానము. ఏలూరు స్టేషనులో రైలెక్కిన కొత్తకోడలు, తెలియని నగరమున, అద్దపు కిటికీ ముందు నిలిచి, తన వివాహము నిజమని పరాయి యధికారికి ఒప్పించవలయును.

కాగితమునకు ముందు జీవితము

ఇచ్చటనే మనవారి కసలు చిక్కు. పెండ్లికి ముందు వధూవరులు పట్టుమని పది మాటలాడని కుటుంబములు మనలో నుండెడివి. జాతకములు చూచి, పెద్దలు మాటలనుకొని, లగ్నపత్రిక వ్రాసికొనిన దానిని మనము నిండు ప్రమాణముగా తలంతుము. అధికారికి అది అనుమానాస్పదము. వధువు ఇంటిపేరు పాసుపోర్టున నొకవిధముగను, పదవతరగతి పత్రమున నింకొకవిధముగను ఉండుట, పొట్టియక్షరములు ఒకచోట ముందును ఒకచోట వెనుకను పడుట, పుట్టినతేది బడిలో వేసినదొకటి ఇంట చెప్పునదొకటి యగుట, మనకు సామాన్యములు. అచ్చట ఇవి నెలల యాలస్యమునకు హేతువులు.

1955 హిందూవివాహచట్టము 8వ విభాగము రిజిస్ట్రేషనుకు అవకాశ మొసగినను దానిని నిర్బంధముగా జేయలేదు. నమోదు లేనంతమాత్రమున వివాహము చెడదు. ఆంధ్రప్రదేశమున 2002లో వివాహముల నిర్బంధనమోదు చట్టము వచ్చినది. 2006లో భారత సుప్రీంకోర్టు దేశమంతటను నమోదును తప్పనిసరి చేయుడని రాష్ట్రములను ఆదేశించెను. ఐనను కొల్లేటి లంకలలో నేటికిని వీసాపని పడినప్పుడు మాత్రమే సబు రిజిస్ట్రారు కార్యాలయమునకు పరుగెత్తువారు కలరు. దూరమునుండి దృశ్యవాణిలో తాళి చూపి వివాహమాయె ననుకొనువారు కూడ ఒకటి గ్రహింపవలయును: వధూవరు లొకరియెదుట నొకరు లేని వివాహమును, పిదప కాపురము జరిగిననే గాని, అమెరికా వలసచట్టము అంగీకరింపదు.

కాగితము చేసిన కీడు

కపటవివాహముల నరికట్టుటకని 1986లో అమెరికావారు చేసిన చట్టమునుబట్టి, వివాహమై రెండేండ్లు నిండకమునుపే పోయిన భార్యకు రెండేండ్ల షరతునివాసము మాత్రమే లభించును. గడువు ముగియుటకు ముందు దంపతులిద్దఱును కలసి మఱల అర్జీ పెట్టవలయును. సజ్జనుడైన భర్తయున్నచో ఇది లాంఛనము. దుర్మార్గుడైనచో ఆ సంతకమే భార్య మెడపై కత్తి. ఇట్టివారికై 1994లో వచ్చిన స్త్రీహింసానిరోధచట్టము, హింసకు గురియైన భార్య భర్తతో నిమిత్తములేక తానే అర్జీ పెట్టుకొను హక్కు నిచ్చెను. ఈ హక్కును మన బిడ్డలలో నెందఱెఱుగుదురు?

ఇచ్చటనే విడువబడినవారి గతి మఱియు దయనీయము. తిరుపతిలో వివాహమాడిన ఒక తెలుగువాడు అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు కోర్టులో విడాకులు పొందివచ్చి, ఇచ్చట వేఱొకతెను పెండ్లాడెను. ఆ మొదటి భార్య న్యాయస్థానముల నాశ్రయింపగా, 1991లో మన సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవని తేల్చెను. దంపతుల వివాహమును శాసించు చట్టము గుర్తింపని కారణముపైగాని, భార్య స్వచ్ఛందముగా సమ్మతింపని కోర్టునుండిగాని వచ్చిన విడాకుల తీర్పు సాధారణముగా భారతదేశమున ప్రమాణము గాదని ఆ తీర్పు సారము. ఒక తెలుగు గృహిణి పట్టుదలవలన దేశమందలి స్త్రీలందఱికిని రక్షణ దొరకెను. 1913లో దక్షిణాఫ్రికా స్త్రీలు చేసినదియు, ఈమె చేసినదియు మా దృష్టిలో నొక్కకోవకు చెందినవి.

మన కర్తవ్యము

ఈ చరిత్రను కేవలము చదివి ముగించుట మా యుద్దేశము గాదు. సంఘములు విద్యార్థివసతులకు, సత్రములకు విరాళము లొసగుట వాడుక. విదేశసంబంధము కుదుర్చుకొను కుటుంబములకు తోడ్పడుటయు అంతటి ధర్మకార్యమని మా మనవి. వివాహమైన నెలలోపల నమోదు చేయించుట, వధూవరుల పేర్లను తేదీలను అన్ని పత్రములలో నొక్కతీరున సరిచేయించుట, వరుని యుద్యోగమును వలసస్థితిని సంబంధము ఖాయపఱచుకొనక మునుపే విచారించుట, ఏలూరులోను తాడేపల్లిగూడెములోను చట్టమెఱిగిన పెద్ద యొకరు ఇట్టివారికి ఉచితముగా సలహా చెప్పుట, ఇవి పెద్దధనము కోరని పనులు. అన్నిటికంటె ముఖ్యమైనది, భర్తచే విడువబడి తిరిగివచ్చిన బిడ్డను పరువు పేర మాటుపఱచక, ఆమె పక్షమున నిలుచుట. కట్నము లెక్కించుటకు కూర్చుండిన పెద్దలు ఈ లెక్కకును కూర్చుండవలయును.

దాతలును, సభ్యులును ఈ విన్నపమును మన్నించి, రాబోవు సభనాటికి ఇందు కొంతయైనను ఆచరణలోనికి తెత్తురని నమ్ముచున్నాము.