తాడు ఎవరి చేతిలో ఉంది? (స్కూబా జాకెట్ కథ)



ఈ వారం ముచ్చటకి కారణం మా అమ్మాయి. సెలవుల్లో మాల్దీవులకి వెళ్దామనుకుంటున్నాం. తను కిందటేడు స్కూబా డైవింగ్ నేర్చుకుంది. "నాన్నా, అద్దె జాకెట్లు నాకు సరిపోవడం లేదు, నాకంటూ ఒకటి కొనిపెట్టు" అంది. సరే అని దుకాణానికి వెళ్ళాం. గోడ నిండా జాకెట్లు. ఒకదానికి పదహారు జేబులు, ఒకదానికి వీపు వెనక రెక్కలు, ఒకటి మడిస్తే చంకలో పెట్టుకునేంత చిన్నది. దుకాణం అబ్బాయి అన్నిటికంటే పెద్దది చూపించి, "ఇది ఎక్కువ బరువు ఎత్తుతుంది సార్, భద్రత" అన్నాడు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎక్కువ ఎత్తేదే ఎక్కువ భద్రమా? ఆ రోజు ఏమీ కొనకుండా తిరిగొచ్చాం. జవాబు కోసం ఈ జాకెట్ ఎలా పుట్టిందో మొదటినుంచీ ఒకసారి చూసుకున్నాను. అదే మీతో పంచుకుంటాను.

కథ మనం ఉంటున్న ఈ గల్ఫ్ నీళ్ళలోనే మొదలుపెడతాను. హైదరాబాదులో "బస్రా ముత్యం" అంటే ఇప్పటికీ ఒక గౌరవం. నిజాం నగల్లో ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఉంది. ఆ పేరుతో చెలామణీ అయినవి ఈ గల్ఫ్ సముద్రం ముత్యాలే. ఇక్కణ్ణుంచి బొంబాయి వెళ్ళి, అక్కణ్ణుంచి మన సంస్థానాలకు చేరేవి. వాటిని తీసినవాళ్ళకి ఏ యంత్రమూ లేదు. మునిగేవాణ్ణి ఇక్కడ "ఘైస్" అనేవారు. ముక్కుకి ఒక బిగింపు, మెడలో ఒక బుట్ట, కాలికి ఒక బరువైన రాయి. ఆ రాయి బరువుతో అడుగుకి దిగేవాడు. దిగాక రాయిని పైకి లాగేసేవారు. ఊపిరి అయిపోతుంటే తన తాడుని ఒక్కసారి గుంజేవాడు. పైన పడవలో తాడు పట్టుకున్న మనిషి, "సైబ్" అంటారు, అతణ్ణి లాగేవాడు.

గమనించండి. కిందికి పోవడానికి రాయి, పైకి రావడానికి ఇంకొకరి చెయ్యి. నీళ్ళలో మన బరువు సంగతి చూసుకునే ఏర్పాటు అప్పుడు అదే. తాడు పట్టుకున్నవాడు ఒక్క క్షణం ఏమరిస్తే కిందివాడి ప్రాణం పోయినట్టే. 1930 ప్రాంతంలో జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచమంతా వచ్చిన ఆర్థిక మాంద్యం కలిసి ఈ వృత్తిని దాదాపు తుడిచిపెట్టేశాయి.

ఈలోగా యూరప్‌లో ఇంకో దారి తయారయింది. 1830లలో లండన్‌లో ఆగస్టస్ సీబే అనే జర్మన్ కంసాలి ఇత్తడి శిరస్త్రాణం, దానికి అతికిన నీరు చొరని దుస్తులు తయారుచేశాడు. పై నుంచి పంపుతో గాలి కొడతారు. సీసపు బూట్లు, ఛాతీ మీద సీసపు దిమ్మలు, అన్నీ కలిపి సుమారు 80, 90 కిలోల సరంజామా. ఇందులో ఒక కొత్త సంగతి ఉంది. ఆ దుస్తుల్లో గాలి ఎంత ఉంచుకోవాలో మునిగినవాడే కొంతవరకు సర్దుకోగలడు. శిరస్త్రాణంలోని కవాటం నుంచి గాలి వదిలితే బరువెక్కుతాడు, ఆపితే తేలికవుతాడు. ఒకరకంగా మొదటి తేలే జాకెట్ అదే అనుకోవచ్చు.

దాని ప్రమాదం కూడా అక్కడే పుట్టింది. గాలి ఎక్కువైతే దుస్తులు బుడగలా ఉబ్బి, చేతులు రెండు పక్కలకీ చాచుకుపోయి, కవాటాన్ని అందుకోలేక మనిషి బెండులా పైకి తన్నుకొచ్చేవాడు. మునిగిపోవడమే కాదు, తేలిపోవడమూ ప్రాణం తీస్తుందని అప్పుడు తెలిసింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక 1943. ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాఁ కలిసి ఆక్వాలంగ్ తయారుచేశారు. వీపున సిలిండర్, నోట్లో గొట్టం. పైనుంచి తాడు లేదు, గొట్టం లేదు. మనిషి చేపలా స్వేచ్ఛగా ఈదాడు. మరి తేలడం, మునగడం? ఆ తొలినాటి వాళ్ళకి జాకెట్ లేనే లేదు. నడుముకి సరిపడా సీసం కట్టుకుని, మిగతాది ఊపిరితో సర్దుకునేవారు. ఊపిరి తీస్తే కాస్త లేస్తాం, వదిలితే కాస్త దిగుతాం. వెచ్చటి నీళ్ళలో, ఒంటిమీద ఏమీ లేనప్పుడు, అది చక్కగా పనిచేసింది.

మరి జాకెట్ అవసరం ఎక్కణ్ణుంచి వచ్చింది? చలి నుంచి వచ్చింది. 1950ల మొదట్లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నియోప్రీన్ రబ్బరుతో వెట్‌సూట్ ఆలోచన చేశాడు. ఆ రబ్బరు నిండా చిన్న చిన్న గాలి బుడగలు. అవే వెచ్చదనం ఇస్తాయి, అవే మనిషిని తేలుస్తాయి. కానీ లోతుకి పోయేకొద్దీ నీటి ఒత్తిడికి ఆ బుడగలు నలిగిపోతాయి. బడిలో చదువుకున్న బాయిల్ సూత్రమే. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలు, 20 మీటర్లలో మూడింతలు. పైన తేలడం కోసం కట్టుకున్న సీసమే అడుగున గుదిబండ అవుతుంది. చలినీళ్ళకు వాడే దళసరి సూట్‌తో ఈ తేడా చాలా కిలోలు ఉంటుంది. ఊపిరితో సర్దుకునే లెక్క కాదు.

అందుకని మనుషులు రకరకాల తంటాలు పడ్డారు. కొందరు ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లోకి గాలి వదిలి వాటిని పట్టుకుని తేలేవారు. 1961లో ఫ్రాన్స్‌లో మోరిస్ ఫెంజీ మెడలో వేసుకునే గాలిసంచికి పేటెంట్ తీసుకున్నాడు. దానికి సొంతంగా ఒక చిన్న గాలి సీసా ఉండేది. గుర్రానికి వేసే మెడపట్టీలా ఉంటుందని ఇంగ్లీషువాళ్ళు దానికి "హార్స్ కాలర్" అని పేరు పెట్టారు. పైన నీటి మీద వెల్లకిలా, ముఖం పైకి పెట్టి తేల్చడంలో దాన్ని మించింది లేదు. నీటి అడుగున మాత్రం మెడ దగ్గర గాలి, నడుము దగ్గర సీసం. మనిషి అడ్డంగా ఈదడం కష్టమయ్యేది.

1970లలో రెండు దారులు చీలాయి. ఒకటి, స్కూబాప్రో వంటి సంస్థలు తెచ్చిన చొక్కా లాంటి జాకెట్. గాలి భుజాల చుట్టూ, పక్కలకీ సర్దుకుంటుంది. నీటి మీద నిటారుగా నిలబెడుతుంది. నేర్చుకునేవాళ్ళకి నమ్మకం ఇస్తుంది. రెండోది, గాలిసంచీ మొత్తం వీపు వెనకే ఉండే "వింగ్". దీన్ని ఆ దశాబ్దం చివరినుంచి ఫ్లోరిడా గుహల్లో ఈదేవాళ్ళు బాగా మెరుగుపరిచారు. గుహలో బురద లేవకుండా అడ్డంగా, కదలకుండా ఉండాలి. వీపున రెండేసి ఉక్కు సిలిండర్లు మోయాలి. అందుకే వాళ్ళకి పెద్ద సంచులు కావలసి వచ్చాయి. సిలిండర్ నుంచే సన్నని గొట్టం ద్వారా మీట నొక్కి గాలి నింపుకునే ఏర్పాటు కూడా ఈ కాలంలోనే మామూలయింది.

ఇదీ చరిత్ర. దుకాణం గోడ మీద ఉన్న ప్రతి జాకెట్టూ ఎక్కడో ఎవరికో వచ్చిన ఒక ఇబ్బందికి జవాబుగా పుట్టింది. మనకు ఆ ఇబ్బంది ఉందా అని అడగడమే ఎంపిక.

మాల్దీవుల లాంటి చోట నీళ్ళు 27 నుంచి 30 డిగ్రీలు. 3 మిల్లీమీటర్ల పల్చటి సూట్ చాలు. లెక్క వేద్దాం. మామూలు అల్యూమినియం సిలిండర్‌లో పట్టే గాలి బరువు సుమారు రెండున్నర కిలోలు. డైవ్ పొడుగునా అది తగ్గుతూ వస్తుంది కాబట్టి మొదట్లో మనం అంత బరువు ఎక్కువగా ఉంటాం. పల్చటి సూట్ నలిగి పోగొట్టేది కిలో, కిలోన్నర. రెండూ కలిపితే నాలుగు కిలోలు. పైకి వచ్చాక తల నీటికి పైన ఉంచడానికి ఇంకో నాలుగైదు కలపండి. అంటే 10 కిలోలకు అటూ ఇటూ. 12, 13 కిలోలు ఎత్తే చిన్న జాకెట్ మామూలు మనిషికి హాయిగా సరిపోతుంది. ఉక్కు సిలిండర్లు వాడేవాళ్ళు, భారీ మనుషులు మాత్రం శిక్షకుణ్ణి అడిగి లెక్క మార్చుకోవాలి. అన్నట్టు మన ఫుజైరాలో శీతాకాలం నీళ్ళు అంత వెచ్చగా ఉండవు. అక్కడికి దళసరి సూట్, దానికి తగ్గ లెక్క.

"పెద్దది ఉంటే నష్టమేమిటి?" అని మా ఆవిడ అడిగింది. నష్టం ఉంది. పెద్ద సంచీ ఉందన్న ధీమాతో మనం సీసం ఎక్కువ కట్టుకుంటాం. నాలుగు కిలోలు ఎక్కువ కట్టామనుకోండి, దాన్ని మొయ్యడానికి సంచిలో నాలుగు లీటర్ల గాలి అదనంగా ఉండాలి. 10 మీటర్ల లోతులో ఉన్న ఆ నాలుగు లీటర్లు పైకొచ్చేసరికి ఎనిమిది లీటర్లవుతాయి. వదలకపోతే మనల్ని లాక్కుపోతాయి. అంటే అదనపు సీసం మనల్ని ముంచడమే కాదు, తేల్చి కూడా చంపగలదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ళ కిందట ఒకచోట అద్దెకు తీసుకున్న జాకెట్‌లో గాలి నింపే మీట ఉప్పు పేరుకుని ఇరుక్కుపోయింది. ఎనిమిది మీటర్ల లోతులో ఉన్నాను. ఒకసారి నొక్కాను, అది తిరిగి పైకి రాలేదు. గాలి నిండుతూనే ఉంది. జాకెట్ నాకు ఒక సైజు పెద్దది, పైగా సీసం ఎక్కువ. భుజం మీద గాలి వదిలే తాడు ఎక్కడుందో వెతికితే చేతికి తగల్లేదు. మా శిక్షకుడు నేర్పింది ఒకటి గుర్తొచ్చింది. గొట్టాన్ని జాకెట్ నుంచి ఊడబీకేశాను. రెండో చేత్తో మీట గొట్టాన్ని తల పైకెత్తి గాలి వదిలాను. ఊపిరి బిగబట్టకుండా వదులుతూనే ఉన్నాను, ఎందుకంటే పైకి వస్తున్నప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి కూడా వ్యాకోచిస్తుంది. మూడు మీటర్ల దగ్గర ఆగగలిగాను. ఏమీ కాలేదు. కానీ ఆ రోజంతా చేతులు వణికాయి. ఇత్తడి శిరస్త్రాణం మనిషి చేతులు చాచుకుపోయి పైకి తన్నుకొచ్చిన సంగతి తరవాత చదివినప్పుడు నాకు అది పాతకథలా అనిపించలేదు.

అందుకే ఈసారి దుకాణానికి వెళ్ళి ఎంత ఎత్తుతుందని అడగలేదు. మా అమ్మాయికి జాకెట్ తొడిగి, నిండా గాలి నింపించాను. ఛాతీ పట్టేయకుండా ఊపిరి ఆడుతోందా చూశాం. తరవాత కళ్ళు మూసుకోమన్నాను. "గాలి వదిలే తాళ్ళన్నీ పట్టుకుని చూపించు" అన్నాను. పదహారు జేబుల దాంట్లో తడుముకుంది. మడిచే చిన్నదాంట్లో, భుజం మీదది, నడుము వెనకది, రెండూ టక్కున అందుకుంది. అదే కొన్నాం. గాలి వీపు వెనక నిండే రకం కాబట్టి నీటి మీద ఎక్కువ నింపితే ముఖం ముందుకి తోస్తుంది. కాస్త తక్కువ నింపి వెనక్కి వాలమని చెప్పాను. అలవాటయింది.

ఇంకో లాభం మీ అందరికీ తెలిసిందే. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ సీసా కోసం పెట్టెని ఎన్నిసార్లు కాటా వేస్తామో మనకి తెలుసు కదా. మామూలు జాకెట్ నాలుగు కిలోలుంటే ఇది దాదాపు అందులో సగం. సీసం, సిలిండర్ ఎక్కడికెళ్తే అక్కడ అద్దెకు దొరుకుతాయి, మోసుకుపోనక్కరలేదు.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. కొత్త చోట మొదటి డైవ్‌కి ముందు సీసం సరిచూసుకోండి. జాకెట్ ఖాళీ చేసి, మామూలు ఊపిరితో, కదలకుండా ఉంటే నీరు కంటి మట్టానికి రావాలి. సిలిండర్ నిండుగా ఉంటే దానికి రెండు కిలోలు కలుపుకోండి. డైవ్ అయ్యాక జాకెట్‌ని బయటా లోపలా మంచినీళ్ళతో కడగండి. మీట పదిసార్లు నొక్కి చూడండి. అద్దెదైతే నీళ్ళలో దిగకముందే నొక్కి చూడండి.

ఇదే సముద్రంలో ఒకప్పుడు కింద ఉన్నవాడి ప్రాణం పైన ఉన్నవాడి చేతిలో ఉండేది. ఇప్పుడు ఆ తాడు మన భుజం మీదే వేలాడుతోంది. మా అమ్మాయి మాల్దీవుల్లో దిగేటప్పుడు పడవలో తాడు పట్టుకుని నేనుండను. తనకి కొనివ్వగలిగింది, చీకట్లో కూడా తన చేతికి అందే తాడు మాత్రమే.