వెటకారం చేసే డిటెక్టివు – పాఠకుల తీర్పు

మన సాహిత్య విమర్శకు ఒక పాత అలవాటు ఉంది. ఊరంతా చదివిన నవల గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకుంటుంది. పట్టుమని పదిమంది చదవని నవల గురించి పది పేజీలు రాస్తుంది. డిటెక్టివు నవల విషయంలో ఆ ఒక్క వాక్యం కూడా ముందే తయారుగా ఉంటుంది: ‘కాలక్షేప సాహిత్యం, పలాయనవాదం.’ ఈ నిర్ణయం పూర్తిగా తప్పని నేను అనను. అయితే కాలక్షేపం చేసిన మనిషి ఎవరు, దేని నుంచి పారిపోయాడు, పారిపోతూ ఏమన్నాడు అనే ప్రశ్నలు వేయకుండా తీర్పు చెప్పడం సాక్షులను విచారించకుండా కేసు కొట్టివేయడం లాంటిది.

తెలుగులో అపరాధ పరిశోధక నవల నిన్న మొన్నటిది కాదు. పాంచకడీ దేవ్ బెంగాలీ నవలలు అనువాదమై వచ్చిన తొలిరోజుల్లోనే దేవరాజు వెంకటకృష్ణారావుగారు ‘వాడే వీడు’ రాశారు. ఆ తరువాత ‘అపరాధ పరిశోధన’ అన్న పేరుతోనే ఒక మాసపత్రిక నడిచింది. కొవ్వలి వెయ్యి నవలలు చదివి అక్షరాలు గట్టిపరుచుకున్న పాఠకులు ఈ కొత్త సరుకుకూ సిద్ధంగానే ఉన్నారు. మన అభ్యుదయ రచయితల చరిత్ర రాసేవారు సాధారణంగా దాటేసే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్రగారే ‘పలకల వెండిగ్లాసు’, ‘ఆనకట్ట మీద హత్య’ కూడా రాశారు. దీనిని పొట్టకూటి పని అని సరిపెట్టుకునేవారున్నారు. పొట్టకూటికి చేసే పనిలో కూడా మనిషి దృక్పథం ఉంటుందని మనమే కదా శ్రామికుల గురించి చెబుతాం! రచయితకు మాత్రం ఆ సూత్రం వర్తించదా?

1950లలో మొదలుపెట్టిన కొమ్మూరి సాంబశివరావుగారు (1926–1994) ఈ ప్రక్రియకు ఇంటింటి పేరు తెచ్చారు. ఆయన డిటెక్టివు యుగంధర్ మద్రాసు వాడు. మితభాషి. సహాయకుడు రాజు చురుకైనవాడు. పోలీసు ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు ఎప్పుడూ ఒక అడుగు వెనకే. ‘లక్షాధికారి హత్య’ అన్న పేరు చూడండి. హత్య ఎక్కడ జరిగితే కథ అవుతుందో ఆ రెండు మాటల్లోనే ఉంది. బీదవాడు చస్తే అది నవల కాదు, పంచాయతీ కూడా కాదు. యుగంధర్ లోకంలో ఆస్తికి భంగం కలుగుతుంది, తెలివైన పెద్దమనిషి వచ్చి దాన్ని సరిచేస్తాడు, పాఠకుడు హాయిగా పుస్తకం మూస్తాడు. ఇంతవరకు మన పాత విమర్శ చెప్పినది చెల్లుతుంది.

చెల్లనిది నవ్వు ప్రవేశించిన దగ్గర.

అమెరికాలో ఈ మార్పు ముందే వచ్చింది. 1887లో పుట్టిన షెర్లాక్ హోమ్స్ పెద్దమనుషుల గదుల్లో కూర్చుని ఆలోచించేవాడు. డాషియల్ హామెట్ (‘మాల్టీస్ ఫాల్కన్’, 1930), రేమండ్ చాండ్లర్ (‘బిగ్ స్లీప్’, 1939) డిటెక్టివును వీధిలోకి దింపారు. ఆ డిటెక్టివుకు డబ్బు లేదు, అధికారం లేదు, నోరుంది. పోలీసు అధికారి కొట్టినా, కోటీశ్వరుడు బెదిరించినా ఒక చురక వేస్తాడు. ఈ హామెట్ స్వయంగా డిటెక్టివు ఏజెన్సీలో పనిచేసినవాడు, తరువాత కమ్యూనిస్టు అయినవాడు. 1951లో పౌరహక్కుల సంస్థ బెయిలు నిధికి చందాలిచ్చినవారి పేర్లు కోర్టులో చెప్పనని జైలుకు పోయాడు. ఆయన నవలల్లోని విసుర్లు కేవలం వినోదం కోసమే పుట్టాయని ఆ జీవితం తెలిసినవారు అనలేరు.

మన దగ్గర ఆ చురకకు ఇంకో పేరుంది: వెటకారం. గోదావరి జిల్లాలవాళ్ళకు దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి ‘చంటబ్బాయి’ని 1986లో జంధ్యాలగారు సినిమాగా తీసినప్పుడు, తీసినవారిది నరసాపురం, వేషం వేసిన చిరంజీవిది మొగల్తూరు. డిటెక్టివు పాండురంగారావు తనను తాను ‘జేమ్స్ పాండ్’ అని చెప్పుకుంటాడు. 1966లో ‘గూఢచారి 116’తో మన తెర మీదకు దిగిన బాండు వారసత్వం ఇరవై ఏళ్ళకు చెరువైపోయిందన్నమాట! ఇంటికో చెరువున్న కోనసీమలో ఈ మాటకు ఎవరైనా నవ్వుతారు. విడుదలైనప్పుడు సామాన్యంగానే ఆడిన ఆ సినిమాను తరువాత టీవీ ఇంటింటికీ తెచ్చింది. అందులో శ్రీలక్ష్మి తన రచనలతో పత్రికా సంపాదకుణ్ణి పెట్టే హింస మన రచయితలందరూ ఒకసారి చూసి సిగ్గుపడవలసినది. అది వేరే వ్యాసానికి వస్తువు.

పాఠకులు ఏమన్నారు? ఈ ప్రశ్నకు పత్రికల్లో అచ్చయిన ఉత్తరాల్లోకన్నా అద్దె పుస్తకాల్లో ఎక్కువ జవాబులు దొరుకుతాయి. రోజుకు పావలాతో మొదలై రూపాయి దాకా పోయిన ఆ కొట్లు మా పి.గన్నవరం సెంటరులో, అంబాజీపేటలో, అమలాపురంలో ఉండేవి. కొబ్బరి లోడు కోసం కాచుకున్న లారీ క్లీనరు, పరీక్ష తప్పిన కుర్రాడు, మధ్యాహ్నం పనులయిన గృహిణి ఒకే కాపీ చదివేవారు. మార్జిన్లలో పెన్సిలుతో అభిప్రాయాలు రాసేవారు. కొందరు దుర్మార్గులు మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసి గీత గీసేవారు. దాని కింద ఇంకొకరు తిట్టేవారు. ఆ కింద మరొకరు, ‘అయినా చదవండి, మాటలు బావున్నాయి’ అని రాసేవారు. ఈ మూడో పాఠకుణ్ణి విమర్శకుడు పట్టించుకోవాలి. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా నవల చదవమంటున్నాడంటే అతడికి కావలసినది ఉత్కంఠ కాదు. అతడు మాటల కోసం చదువుతున్నాడు. అధికారం ముందు వంగని మాట ఎలా ఉంటుందో వినడానికి చదువుతున్నాడు.

వెటకారపు డిటెక్టివు మీద నేను విన్న అభిప్రాయాలు ఒకదానితో ఒకటి పొసగవు. రిటైరయిన ఒక తెలుగు మాస్టారు, ‘హత్య జరిగిన ఇంట్లో హాస్యమేమిటి? రసాభాస’ అన్నారు. అలంకారశాస్త్రం ప్రకారం ఆయన మాట కొట్టివేయలేనిది. శవం దగ్గర నవ్వు పుట్టాలంటే ఆ శవం మనకు ఎవరూ కాకుండా పోవాలి, అంటే రచయిత చచ్చినవాణ్ణి ముందుగానే మనిషి కాకుండా చేసి ఉండాలి. చవకబారు నవలలు చేసేది సరిగ్గా అదే. ఇంకొకాయన, కొబ్బరి వ్యాపారి, దీనికి తలకిందులుగా చెప్పాడు: ‘నవ్వించకపోతే అన్ని చావులు ఎవడు చదువుతాడండీ?’

కాని నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మాట కొబ్బరి ఒలుపు పనికి పోయే ఒక దళిత యువకుడిది. అతడికి చంటబ్బాయి సినిమా కంఠతా వచ్చు. ‘బావుంటాది సార్. కాని ఆ మాటలు మా పేటోడు స్టేషన్లో అంటే ఏమవుద్ది?’ అన్నాడు.

దీనికి మన వ్యాసాల్లో జవాబు లేదు. వెటకారం గోదావరి జిల్లాల సొమ్మని మురిసిపోతాం. అది ఏ అరుగు మీద పుట్టి ఎవరి మీదకు పోయిందో లెక్క తీయం. అరుగు మీద కూర్చున్నవాడు దారిన పోయేవాణ్ణి అంటే అది చమత్కారం. దారిన పోయేవాడు తిరిగి అంటే పొగరు. హామెట్ డిటెక్టివు కింది నుంచి పైకి విసిరాడు. మన డిటెక్టివు అన్ని వైపులకూ విసురుతాడు, కాని అతడికి దెబ్బ తగలదు. ఇన్‌స్పెక్టరు చివరికి చెయ్యి కలుపుతాడు. నిజానికి మన చట్టంలో ప్రైవేటు డిటెక్టివుకు పౌరుడికి ఉన్నదానికన్నా ప్రత్యేకాధికారం ఏదీ లేదు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసుస్టేషనులో రమీజాబీకి, ప్రాణం పోగొట్టుకున్న ఆమె భర్త అహ్మద్ హుసేనుకు జరిగినది, దాని మీద రగిలిన జనం, కర్ఫ్యూ, ముక్తదర్ కమిషన్ – ఇవన్నీ అద్దె కొట్లు కళకళలాడుతున్న కాలం నాటి సంగతులే. ఆ పుస్తకాల్లోని స్టేషన్లు మాత్రం తుమ్ములు, కునుకులు, బట్టతలలతో నిండి ఉంటాయి. పోలీసును చూసి నవ్వగలగడం భయాన్ని తగ్గిస్తుందా, లేక భయపడవలసిన సంగతిని దాచేస్తుందా? రెండూ చేస్తుందనే నేననుకుంటాను. ఏది ఎక్కువ అనేది చదివేవాడు ఎక్కడ నిలబడ్డాడనే దాన్ని బట్టి ఉంటుంది.

ఈ ప్రక్రియకు గంభీరమైన పని చేతకాదని కూడా అనలేం. మా రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘అభిలాష’ (సినిమాగా 1983) ఉరిశిక్ష రద్దు కావాలనే లాయరును హత్యకేసులో నిలబెట్టి, ఉత్కంఠనే వాదనగా మార్చింది. ఆయన ఇతర నవలల మీద నాకున్న అభ్యంతరాలు ఈ మాటకు అడ్డురావు. చంటబ్బాయిలో కూడా నవ్వుల కింద ఒక పుండు ఉంది. తప్పిపోయిన కొడుకును వెతకమని పాండురంగారావుకు పని అప్పగిస్తారు. పెళ్ళి కాకుండా పుట్టి, తండ్రి నిరాకరణకు గురైన ఆ చంటబ్బాయి చివరికి తానేనని తేలుతుంది. పరిశోధకుడు వెతికిన మనిషి తానే కావడం గ్రీకుల ఈడిపస్ నాటి కథ. అక్కడ నేరస్థుడు బయటపడ్డాడు, ఇక్కడ నేరానికి గురైనవాడు బయటపడ్డాడు. అంతసేపూ లోకాన్ని ఎద్దేవా చేసిన నోరు ఎవరూ లేనివాడి నోరని అప్పుడు తెలుస్తుంది. ‘ఆఖరున ఏడుపెందుకు?’ అని విసుక్కున్న పాఠకులున్నారు. ఆఖరు లేకపోతే మిగిలినదంతా కోతిచేష్ట అన్నవారూ ఉన్నారు. నా ఓటు రెండోవారికి.

మా పదో తరగతి విద్యార్థిని ఒకతె వేరే ప్రశ్న వేసింది. ఈ కథల్లో ఆడది హతురాలో, ముద్దాయో, లేకపోతే డిటెక్టివుకు ఫీజు ఇచ్చే మనిషో అవుతుంది. వెటకారం చేసే డిటెక్టివు ఆడది ఎందుకు కాదు?

నేను ఆమెను ‘కన్యాశుల్కం’ చదవమన్నాను. 1892లో ఆడి, 1897లో అచ్చయి, 1909లో మారి వచ్చిన ఆ నాటకం చివరలో ఉన్నది శవం లేని హత్యకేసు. పెళ్ళికూతురు మాయమైంది, లుబ్ధావధాన్లు చంపాడన్నారు. పోలీసు బనాయించడానికి సిద్ధం, సాక్షులు అమ్ముడుపోవడానికి సిద్ధం. ఆ పెళ్ళికూతురు ఆడవేషం వేసిన మహేశమని తెలిసినవారిలో మధురవాణి ఉంది. మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి పోయి, లాయరు ఆదర్శాలకు ఒక చురక, సమాజానికి ఒక చురక వేసి, నిజాన్ని చేతిలో పెట్టింది. పనిలో పనిగా గిరీశాన్ని కూడా బట్టబయలు చేసింది. గిరీశం వెటకారం తనను తాను కాపాడుకోవడానికి. మధురవాణి వెటకారం ఇంకొకరి ప్రాణం నిలపడానికి, అదీ తనకు ఏ గౌరవమూ ఇవ్వని లోకంలో నిలబడి.

ఆ అమ్మాయి వారం రోజుల తరువాత పుస్తకం తిరిగి ఇస్తూ, ‘కేసు తేల్చింది ఆవిడైతే సౌజన్యారావు గారు ఆవిడ ఇంటికి వెళ్ళలేదేమండీ, ఆవిడే మగాడిలా రావాల్సి వచ్చిందేం?’ అని అడిగింది.